ఎనిమిదో నెల పడినదా, నిండినదా?

మొన్న మాఘమాసంలో రాజోలు వైపు ఒక ఊళ్ళో సీమంతానికి వెళ్ళాను. గాజులు తొడగడం అయినది, అక్షింతలు అయినవి, చలిమిడి పంచిపెట్టారు. ఆ పిల్లకు అయిదో నెలలోనే ఒకసారి నొప్పులు కనిపించాయట. డాక్టరు జాగ్రత్త చెప్పి పంపిందట. భోజనాల దగ్గర పిల్ల తండ్రి దిగులుగా ఉండడం చూచి, నాకంటె పదేళ్ళు పెద్దవాడైన ఒకాయన ఊరడించాడు. "ఏమీ భయం లేదబ్బాయ్. ఏడో నెల బిడ్డ బతుకుతాడు. ఎనిమిదో నెల బిడ్డే దక్కడు. ఆ ఒక్క నెల గడిచిందంటే గట్టెక్కినట్టే." పంక్తిలో వారందరూ తలలూపారు. "ఆయ్, అంతేనండి" అన్నారు ఇద్దరు ముగ్గురు. నేను మాత్రం ఏమీ అనలేదు. దప్పళం కలుపుకుని తిని, తాంబూలం పుచ్చుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు తప్పొప్పులు దిద్దిన వాణ్ణి. అచ్చు తప్పు కనబడితే పెళ్ళి శుభలేఖను కూడా విడిచిపెట్టని వాణ్ణి. ఆ రోజు అంత పెద్ద తప్పు చెవిని పడితే దిద్దకుండా ఊరుకున్నాను. ఈ టపా ఆ మౌనానికి ప్రాయశ్చిత్తమనుకోండి. కొంచెం ఘాటుగా ఉంటుంది, మన్నించగలరు.

ఆ పెద్దాయన మాట ఆయన సొంతం కాదు. చరక సంహితలోనూ, సుశ్రుత సంహితలోనూ శారీరస్థానంలో ఈ భావం ఉన్నది. ఎనిమిదో నెలలో ఓజస్సు స్థిరంగా ఉండదు, కనుక అప్పటి జననం నిలవదు అన్నారు. గ్రీకుల హిప్పోక్రటీసు పేర చెలామణి అయిన గ్రంథాలలోనూ ఇదే నమ్మకం కనిపిస్తుంది. రెండు మహానాగరికతలు ఒకే పొరపాటు చేశాయంటే దానికేదో కారణం ఉండి ఉంటుంది. నా మట్టుకు నాకు తోచినదేమంటే, నెలల లెక్కే ఎక్కడో తప్పి ఉంటుంది. పెళ్ళయిన ఏడో నెలలో నిండు బరువుతో, గుండ్రాయిలా పుట్టి, ఊరంతా ఆశ్చర్యపోగా బతికి బట్టకట్టిన "ఏడో నెల బిడ్డలు" కొందరు ఆ లెక్కలో కలిసి ఉంటారని కూడా నా అనుమానం. ఆ సంగతి ఇంతకంటె విప్పి చెప్పడం మర్యాద కాదు.

ప్రాచీనులను నేను తప్పు పట్టను. వారికి స్కానింగు లేదు, సూక్ష్మదర్శిని లేదు, కళ్ళతో చూచినది వ్రాశారు. ఈనాడు ఆ మాటనే పట్టుకుని వేలాడే మనదే తప్పు. సంగతి సుస్పష్టం. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. 30 వారాలకు పుట్టిన బిడ్డ కంటె 34 వారాలకు పుట్టిన బిడ్డ బతికే అవకాశం ఎక్కువ. ఏడు కంటె ఎనిమిది మేలు, ఎనిమిది కంటె తొమ్మిది మేలు. ఇది ఒకటో తరగతి ఎక్కం. దీన్ని తలకిందులు చేసి నమ్మడం వల్ల జరిగే కీడు ఊహించండి. ఏడో నెలలో నొప్పులు వస్తే "బతుకుతాడులే" అని ఇంట్లో కూర్చుంటారు. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డను "ఎలాగూ దక్కడు" అని పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి వెనకాడతారు. రెండువైపులా నష్టమే.

37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచం మొత్తంమీద అలా పుట్టినవారు సుమారు 1 కోటీ 34 లక్షల మంది అని లెక్క. అందులో మన దేశంలోనే సుమారు 30 లక్షలు, అంటే అయిదవ వంతుకు మించి. ఏ దేశానికీ ఇంత పెద్ద సంఖ్య లేదు. మన దేశంలో పుట్టే నూరుమందిలో సుమారు పదముగ్గురు ఇలా తొందరపడి వస్తున్నారు. నా భాషలో చెప్పాలంటే, నలభై మంది ఉన్న తరగతి గదిలో అయిదుగురు. హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తూ అయిదో పేరుకల్లా ఆగి చూడండి. అయిదేళ్ళలోపు పిల్లల మరణాలకు ప్రపంచంలో అన్నింటికంటె పెద్ద కారణం ఈ అకాల జననమే.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు వస్తాను. ఇది వైద్యుల ప్రశ్న కాదు, తెలుగు పండితుడి ప్రశ్న. "ఎనిమిదో నెలండి" అంటుంది చూలాలి తల్లి. ఎనిమిదో నెల పడినదా, నిండినదా? పడినదంటే ఏడు నిండినవని అర్థం, అంటే సుమారు 30 వారాలు. నిండినదంటే సుమారు 35 వారాలు. ఒక్క క్రియాపదంలో నాలుగు వారాలకు పైగా తేడా. ఇది చాలదన్నట్టు కొందరు చివరి ముట్టు నుండి లెక్కిస్తారు, కొందరు నెల తప్పిన నాటి నుండి లెక్కిస్తారు. అక్కడ ఇంకొక నాలుగు వారాలు. మన భాష ఇంత గొప్పదే కానీ, ఆసుపత్రి గుమ్మం దగ్గర ఈ అస్పష్టత ప్రాణం తీస్తుంది.

ఎలాగంటే, 34 వారాలలోపు కాన్పు వచ్చేటట్టుంటే తల్లికి ఇచ్చే ఒక సూదిమందు ఉన్నది. డెక్సామెథసోన్. 6 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటలకొకటి, మొత్తం నాలుగు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి ఇది సాయపడుతుంది. న్యూజిలాండులో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు వైద్యులు ఈ పద్ధతి ఫలితాలను 1972లోనే ప్రకటించారు. మన కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 24 నుండి 34 వారాల మధ్య ముందస్తు నొప్పులు వస్తే ఏఎన్ఎమ్‌లు సైతం దీన్ని ఇవ్వవచ్చును. మందు ఖరీదైనది కాదు. కాని వారాల లెక్క తప్పితే? 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, లెక్క సరిగా లేనిచోట విచ్చలవిడిగా ఈ సూది వేస్తే మొత్తంమీద శిశు మరణాలు తగ్గకపోగా పెరిగినట్టు తేలినది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశోధనలో, స్కానింగుతో వారాలు నిర్ధారించుకుని, తగిన వసతి ఉన్న ఆసుపత్రులలో ఇస్తే మరణాలు తగ్గినవి. మందు అదే, సూది అదే. ఒకచోట లెక్క ఉన్నది, ఒకచోట లేదు.

కాబట్టి నా మొదటి వాదం ఇది. అకాల ప్రసవ ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టడమంటే అది ఏ పెద్ద యంత్రంతోనో మొదలు కాదు, తేదీతో మొదలవుతుంది. మొదటి మూడు నెలలలోపు ఒక స్కానింగు చేయించి వారాలు నిర్ధారించుకొనవలెను. అది కుదరకపోతే తేదీ గుర్తుకు తెప్పించవలెను. మన కోనసీమ ఆడవాళ్ళకు ఇంగ్లీషు తేదీ గుర్తుండకపోవచ్చును. అంతర్వేది తీర్థం గుర్తుండదా? కనుమ నాటి జగ్గన్నతోట ప్రభలు గుర్తుండవా? "తీర్థానికి ముందా, తరువాతా, ఎన్నాళ్ళకు?" అని అడిగితే ఇట్టే చెబుతారు. పంచాంగం చేతికిచ్చి ఒక ఆశా కార్యకర్తను కూర్చోబెడితే తిథిని తేదీగా మార్చడం రెండు నిమిషాల పని. ఆమెకు రాకపోతే నా దగ్గరకు పంపండి, నేను నేర్పుతాను. ఉచితం.

ఇక్కడ ఒక మెచ్చుకోలు మాట కూడా చెప్పవలెను. స్కానింగులో వారాలు లెక్కకట్టే సూత్రాలు పాశ్చాత్య దేశాల గర్భిణుల కొలతలమీద కట్టినవి. మన దేశపు గర్భిణుల కొలతలతో కొత్త సూత్రాన్ని ఫరీదాబాదులోని పరిశోధన సంస్థవారు, మద్రాసు ఐఐటీవారు కలిసి తయారు చేసి 2024లో ప్రకటించారు. దానికి ఆధారం గురుగ్రామ్ ప్రభుత్వాసుపత్రిలో 2015 నుండి గర్భిణులను అనుసరిస్తూ వచ్చిన 'గర్భిణి' అధ్యయనం. పేరు కూడా చక్కగా పెట్టారు.

ఇక మా ఇంటి సంగతి. చెప్పకూడదనుకున్నాను, కాని చెప్పకపోతే ఈ వాదానికి ప్రాణం ఉండదు.

మా మేనకోడలికి మొదటి కాన్పు భర్త ఉద్యోగం చేసే పరాయి రాష్ట్రంలో జరిగినది. 29 వారాలు. బిడ్డ మూడు రోజులున్నాడు. రెండోసారి అయిదో నెలలో పుట్టింటికి తీసుకువచ్చారు. పాత కాగితాలన్నీ అక్కడే ఉండిపోయినవి. ఇక్కడ చూపించిన చోట రిజిస్టరులో "రెండో కాన్పు" అని వ్రాసుకున్నారు, అంతే. మొదటిది ఎన్ని వారాలకు, ఎందుకు, ఏమైనది అని ఎవరూ అడగలేదు. మా చెల్లెలు కూడా చెప్పలేదు. అపశకునమని ఆమె భయం. 20వ వారంలో టిఫా స్కానింగు చేశారు. నివేదిక నాలుగు పుటలు. బిడ్డ తల చుట్టుకొలత ఉన్నది, గుండె గదులు ఉన్నవి, మూత్రపిండాలు ఉన్నవి, తొడ ఎముక పొడవు మిల్లీమీటర్లలో ఉన్నది. బిడ్డను మోస్తున్న గర్భసంచి మూతి పొడవు ఎంతో చెప్పవలసిన చోట అంకె లేదు. "మూసుకుని ఉన్నది" అని రెండు ఇంగ్లీషు మాటలు. నేను ఆ కాగితాన్ని తరువాత ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. 25వ వారంలో నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోయినది. రాత్రికి రాత్రి కాకినాడ ప్రయాణం. ఆ బిడ్డా దక్కలేదు.

మూడోసారి వేరొక డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్ళాము. కుర్చీలో కూర్చోగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఇదివరకటి కాన్పులు ఎన్నెన్ని వారాలకు జరిగినవమ్మా?" అన్నది. ఆ ప్రశ్నకు ఖరీదు లేదు. యంత్రం అక్కరలేదు. 16వ వారం నుండి రెండు వారాలకొకసారి లోపలి స్కానింగుతో గర్భసంచి మూతి కొలిచారు. మొదట 32 మిల్లీమీటర్లు. 20వ వారానికి 19కి దిగినది. వెంటనే కుట్టు వేశారు, రాత్రిపూట పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మాత్రలిచ్చారు. కుట్టు విప్పిన నాలుగో రోజున, 36 వారాల 5 రోజులకు ఆడపిల్ల. లెక్క ప్రకారం ఆమె కూడా నెలలు నిండని బిడ్డే, రెండు రోజుల తక్కువ. ఇప్పుడు నా చేత అక్షరాలు దిద్దించుకుంటున్నది.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలబడదని నాకు తెలుసు. ఆ కుట్టు లేకపోయినా ఆ పిల్ల నిలిచేదేమో, ఎవరు చెప్పగలరు? అందుకే లెక్కలు చెబుతాను. 1996లో అమెరికాలో అయామ్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు సుమారు 2,900 మంది గర్భిణుల గర్భసంచి మూతిని 24వ వారం ప్రాంతంలో కొలిచారు. సగటున 35 మిల్లీమీటర్లు. పొడవు తగ్గినకొద్దీ ప్రమాదం పెరుగుతూ పోయినది. 26కు మించనివారికి, 40 దాటినవారితో పోలిస్తే సుమారు ఆరు రెట్లు. 2007లో లండను కేంద్రంగా జరిగిన మరొక పరిశోధనలో, మూతి 15 మిల్లీమీటర్లకు మించని స్త్రీలకు ప్రొజెస్టెరాన్ ఇచ్చి చూశారు. ఇవ్వనివారిలో 34 వారాలలోపు ప్రసవించినవారు నూటికి 34 మంది, ఇచ్చినవారిలో 19 మంది. అటుపై వచ్చిన పరిశోధనలు కూడా, పొట్టి మూతి గలవారికి ఈ మందు ఉపకరిస్తుందనే చెబుతూ వచ్చినవి. సాధారణంగా 25 మిల్లీమీటర్లకు తగ్గితే జాగ్రత్త పడవలెనంటారు.

ఇక ఆ కుట్టు సంగతి. ప్రపంచమంతా దానిని 'శిరోడ్కర్ కుట్టు' అంటుంది. విఠల్ నగేశ్ శిరోడ్కర్ గోవాలో పుట్టి బొంబాయిలో వైద్యం చేసిన మన దేశస్థుడు. 1955లో ఆ పద్ధతిని ప్రకటించాడు. రెండేళ్ళకు ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్ దాన్ని సులభం చేశాడు. పాశ్చాత్యులు కనిపెట్టినది మనకెందుకు అనేవారికి ఇది సమాధానం. ఎనిమిదో నెల గండం అనే మాట మాత్రం మనకూ గ్రీకులకూ ఉమ్మడి ఆస్తి.

టిఫా స్కానింగుకు ఎలాగూ వెళుతున్నారు. బల్లమీద పడుకొననే పడుకుంటున్నారు. బిడ్డ తొడ ఎముక కొలిచినవారు తల్లి గర్భసంచి మూతి కొలిచి ఆ అంకె కాగితంమీద వేయడానికి ఇంకొక అయిదు నిమిషాలు. ఎందుకు వేయరు? నేను అడిగిన చోట మూడు సమాధానాలు వచ్చినవి.

ఒకటి, బయట జనం బారులు తీరి ఉన్నారు, సమయం లేదు. దీనికి జవాబు చెప్పను. చెబితే మర్యాద దాటుతుంది.

రెండు, లోపలి స్కానింగుకు ఆడవాళ్ళు ఒప్పుకోరు. ఇందులో కొంత నిజం ఉన్నది. పొట్టమీద నుండి చూస్తే మూతి సరిగా కొలతకు రాదు, లోపలి నుండి చూడవలెను. చాలాచోట్ల అత్తగారే "వద్దమ్మా, బిడ్డకు తగులుతుంది" అని అడ్డుపడుతుంది. తగలదు. బిడ్డకు దానివల్ల హాని లేదు. ఆ మాట ముందుగా, నెమ్మదిగా, ఆడమనిషి చేత చెప్పిస్తే ఒప్పుకుంటారు. స్కానింగు గదిలో గోడకు "లింగ నిర్ధారణ చేయబడదు" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెడతారు. 1994 నాటి చట్టం పెట్టించినది, మంచిదే. దాని పక్కనే "గర్భసంచి మూతి కొలత అడిగి వ్రాయించుకొనుడు" అని ఇంకొక బోర్డు పెడితే గోడ కూలిపోదు.

మూడవ సమాధానమే నిజంగా ఆలోచింపజేసినది. ఒక యువ వైద్యుడు ఓపికగా చెప్పాడు. "మాస్టారూ, అందరికీ కొలిచినా చాలా అకాల ప్రసవాలు దీనికి చిక్కవు. మూతి బాగానే ఉన్నవారికీ ముందుగా రావచ్చు. పొట్టిగా ఉన్నవారిలో చాలామంది నిండుగానే కంటారు. అనవసరంగా భయపెట్టినట్టు అవుతుంది." నిజమే. నేను కాదనను. ఈ విషయంలో దేశదేశాల వైద్యులలోనూ ఏకాభిప్రాయం లేదు. కాని అబ్బాయీ, మన గోదావరిలో పులస కోసం వల వేసినవాడు నదిలోని చేపలన్నీ పడతాయని వేస్తాడా? పడినదానిని పట్టుకుంటాడు. అందరికీ కొలవడం కుదరదంటే కనీసం ఇంతకుముందు ముందుగా కన్నవారికి, నెలలు మీరాక గర్భస్రావం అయినవారికి, గర్భసంచి మూతికి ఏదైనా శస్త్రచికిత్స జరిగినవారికి కొలవండి. మా మేనకోడలికి కొలవలేదు కదా, ఆమె ఎవరిలో చేరుతుంది?

కొలవకుండా వైద్యం చేయడం మరొక విపరీతం. నొప్పి అనగానే మంచం ఎక్కించి మూడు నెలలు దిగవద్దంటారు. అలా పడుకోబెట్టడం వల్ల అకాల ప్రసవం ఆగుతుందనడానికి ఆధారం లేదు. వారం వారం పొడిచే ఒక హార్మోను సూది ఉన్నది. అమెరికా 2011లో దానికి అనుమతి ఇచ్చి, ఫలితం లేదని తేలడంతో 2023 ఏప్రిలులో ఆ అనుమతిని రద్దు చేసినది. ఆ తరువాత కూడా మన ఊళ్ళలో వ్రాసిన చీటీలు నేను కళ్ళారా చూశాను. పైన చెప్పిన రాత్రి మాత్ర వేరు, ఈ సూది వేరు. రెండింటినీ ఒక్కటిగా అనుకొనవద్దు. అవసరమైనవారికి కొలత లేదు, అవసరం లేనివారికి సూది ఉన్నది.

యంత్రం అక్కరలేని పరీక్షల మాటేమిటి? మూత్ర పరీక్ష సంగతి చూడండి. మంట, జ్వరం ఏమీ లేకుండానే మూత్రంలో క్రిములుండవచ్చు. గర్భిణికి అది ప్రమాదం, కనుక వెదికి మందు ఇవ్వవలెను. రక్తహీనత చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు గర్భిణులలో సగానికి మించి, 53.7 శాతం మందికి రక్తం తక్కువ. కొబ్బరి, అరటి, వరి, చేప పుష్కలంగా పండే సీమ అని పద్యాలు చదువుకుంటాము గదా, ఆ సీమ ఉన్న రాష్ట్రం లెక్క ఇది. అదే సర్వేలో ఇరవై నుండి ఇరవైనాలుగేళ్ళ స్త్రీలలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి. పదిహేడేళ్ళ పిల్లకు గర్భం వచ్చినప్పుడే సగం ప్రమాదం వచ్చినట్టు. ఆ పెళ్ళికి ముహూర్తం పెట్టినవారిలో నా వంటి పండితులు కూడా ఉన్నారు.

ముహూర్తం అనగానే గుర్తుకు వచ్చినది. ఈ మధ్య కాన్పుకు ముహూర్తం పెట్టించుకుంటున్నారు. రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతోనే అని పై సర్వే చెప్పినది. ఎలాగూ కోయవలసినదే కదా, మంచి లగ్నంలో కోయించుకుందాము అని వాదం. నా దగ్గరకు కూడా వస్తారు. "మాస్టారూ, ఈ పదిహేను రోజుల్లో మంచి గడియ చూసి పెట్టండి." ఎన్ని వారాలయ్యా అంటే "తొమ్మిదో నెల వచ్చేసిందండి" అంటారు. మళ్ళీ అదే ఉపద్రవం. పడినదా, నిండినదా? 36వ వారంలో శుభలగ్నం దొరికితే బిడ్డను 36వ వారంలో బయటకు లాగుతారు. వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండకుండా తీయవద్దని వైద్యశాస్త్రం మొత్తుకుంటున్నది. 34వ వారంలో బిడ్డ మెదడు బరువు నిండు బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే ఉంటుంది. మిగిలిన వంతు ఆ చివరి వారాలలోనే పెరగవలెను. జ్యోతిషం ప్రకారం చూచినా ఇది అడ్డగోలు పని. జాతకం జన్మకాలాన్ని చదువుతుంది, నిర్ణయించదు. ప్రశ్నపత్రం ముందుగా సంపాదించి పరీక్ష వ్రాసినవాడికి వచ్చిన మార్కులకు ఎంత విలువో ఈ జాతకాలకు అంతే విలువ.

ఆదిపర్వంలో వినత కథ మన ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సవతి కద్రువ గుడ్లు పొదిగి పాములై బయటకు వచ్చినవి. వినత ఓర్వలేక తన రెండు గుడ్లలో ఒకదానిని ముందుగా పగులగొట్టినది. తొడలు ఏర్పడని అనూరుడు పుట్టాడు. తల్లిని శపించి, రెండవ గుడ్డును కదిలించవద్దని చెప్పి, సూర్యుడి రథం తోలడానికి వెళ్ళిపోయాడు. కాలం నిండి పుట్టినవాడు గరుత్మంతుడు, వైనతేయుడు. ఆయన పేరు మోసే గోదావరి పాయ గన్నవరం దగ్గర చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తున్నది. రోజూ ఆ నీటిమీది వంతెన దాటి వెళుతూ, శుభలగ్నం కోసం గుడ్డు పగులగొట్టించుకునేవారిని ఏమనవలెను?

అయితే ఈ కథకు ఇంకొక ముఖం ఉన్నది, అది నాకు నచ్చదు. మా మేనకోడలి రెండో బిడ్డ పోయినప్పుడు, పరామర్శకు వచ్చిన ఒకావిడ ఈ కథే తీసినది. తొందర పిల్ల, మెట్లెక్కినది, బరువెత్తినది, అందుకే వినతలా చేసుకున్నది అని. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకున్నది. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నది, ఆ కథ ఆ ఇంట్లో ఆడపిల్లలకు మొదట చెప్పినవాణ్ణి నేనే. ముహూర్తం కోసం కోయించుకోవడం తొందర. తనంతట వచ్చిన అకాల ప్రసవం తల్లి తొందర కాదు, పాపం కాదు, దృష్టి దోషం కాదు. గర్భసంచి మూతి పొట్టిగా ఉండడం ఎవరి తప్పు? తప్పంటూ ఉంటే అడగనివారిది, కొలవనివారిది, అపశకునమని దాచిన మనది.

దాచవద్దు. పుట్టింటికి పంపేటప్పుడు చీరలతో, చలిమిడితో పాటు కాగితాలు కూడా పంపండి. మొదటి స్కానింగు, ఇదివరకటి కాన్పు వారాలు, తల్లీబిడ్డల కార్డు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని 2016లో మొదలుపెట్టారు. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యులు గర్భిణులను ఉచితంగా చూడవలెను, ప్రమాదం ఉన్నవారి కార్డుమీద ఎర్ర గుర్తు వేయవలెను. ఆ గుర్తును చూచి "మా కోడలికి ఎర్ర ముద్ర వేశారు" అని గొడవపడిన కుటుంబం నాకు తెలుసు. ఆ ఎర్ర గుర్తు నింద కాదు, దారి ఇవ్వమని చెప్పే గంట.

ముఖ్యంగా లంక గ్రామాలవారికి. వంతెనలు లేని రోజులలో పంటు కోసం రేవులో కూర్చుని నొప్పులు పడినవారిని మా తరం చూచినది. ఇప్పుడు యానాం–ఎదుర్లంక వంతెన ఉన్నది, చించినాడ వంతెన ఉన్నది, అంబులెన్సు ఉన్నది. అయినా వరద వచ్చిననాడు లంకకు దారి పడవే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, 1986 ఆగస్టులో 35 లక్షలు దాటినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు నీటిలో ఉన్నవి. అలాంటి రాత్రి 30 వారాల గర్భిణికి నొప్పులు వస్తే సూది ఎవరు వేస్తారు, నెలలు నిండని బిడ్డను చూచే వార్డుకు ఎవరు చేరుస్తారు? అందుచేత ఆషాఢంలో ఎర్రనీరు రాకముందే ప్రతి లంకలోనూ ఒక జాబితా కావలెను: శ్రావణ భాద్రపదాలలో 24 నుండి 37 వారాల మధ్య ఉండబోయే గర్భిణులు ఎవరు, వారిలో ఎర్ర గుర్తు ఎవరికి, ఏ ఒడ్డున ఎవరింట్లో ఉంచవలెను, ఎవరు పడవ కట్టవలెను. వారాలలో వ్రాయండి, నెలలలో వద్దు. సీమంతం జరిగిన ఆ పిల్ల ఇల్లు కూడా ఏటిగట్టుకు అవతలే. రేపు పొద్దుటి బస్సుకు వెళ్ళి, ఆ రోజు పంక్తిలో చెప్పవలసిన మాట ఆమె తండ్రితో చెప్పి వస్తాను.